పిల్లలు కట్టిన గాదె

అది 2006. పాడేరు బస్టాండు వెనక కంప్యూటర్ల షాపు. ట్రైబల్ హాస్టల్లో పిల్లల్ని చూసే టీచరమ్మ, నిన్న కొన్న ఆట సీడీని తిరిగి తెచ్చి బల్ల మీద పెట్టింది.

"షావుకారు గారూ, డబ్బా మీద మా పిల్లలు ఆడే పాత ఆట పేరే ఉంది. లోపల సీడీ మాత్రం మార్చేశారు."

"నానెందుకు మారుస్తానమ్మా? సీలు మీరే సింపారు కదా!"

"రాజ్మా విత్తనాల ప్యాకెట్టుకీ సీలుంటాది. మొలిచాక గానీ తెలీదు, లోపలున్నదేటో. కొండోళ్లకి ఏదంటగట్టినా అడగరనుకున్నారా?"

"అయ్యో, ఇది కొత్త రకమండి. కంపెనీవోళ్లే అలా మార్చీసినారు. పేరదే, ఊరదే."

"పాతదాంట్లో ఊరంతా పైనుంచి కనబడేది. మా పిల్లలు పొలాలు దున్ని, గాదె కట్టి, దండు వస్తే ఎలా కాచుకోవాలో వారాల తరబడి ఆలోచించేవారు."

"ఇప్పుడంత ఆలోచన అక్కర్లేదమ్మా. తుపాకీ అట్టుకుని ఊళ్లోకి దిగిపోడమే. వైజాగులో అందరూ ఇదే ఆడతన్నారు."

"అంటే మనం ఊరోళ్లం కాదా?"

"కాదండి. ఆ దండులో సిపాయిలం."

"నిజంగా కంపెనీయే మార్చిందా?"

"మా అమ్మతోడు. ఏటి, పిల్లలకి నచ్చనేదా?"

"మా పిల్లల్లో ఒక గుంట ఆటలో తుపాకీ పట్టుకుని, ఎవర్నీ కాల్చకుండా ఊరంతా తిరిగింది. పాత ఆటలో తాము కట్టిన గాదె ఎక్కడుందో వెతికింది."

"దొరికిందా?"

"దొరికింది, అచ్చం అలాంటిదే. దాన్ని తగలబెడితేనే ఆట ముందుకెళ్తుందని తెర మీద రాసొచ్చింది."