ఉప్పు కాగితం

(మధ్యాహ్నం. వంటింటి కిటికీ దగ్గర తల్లి, ఏడేళ్ల కూతురు. తల్లి చేతిలో సూది.)

"కదలకు. అటు చూడు."

"అబ్బా! గుచ్చావమ్మా!"

"ఇంకా ముట్టుకోనే లేదు. సూది వేడినీళ్లలో కడిగాను, భయం లేదు. చెయ్యి వదులుగా పెట్టు."

"చెక్క పేడు పెద్దదా?"

"ఈనెపుల్లంత ఉంది. ఎప్పుడు గుచ్చుకుంది?"

"ఇప్పుడే."

"ఇప్పుడే గుచ్చుకుంటే చుట్టూ ఇంత వాస్తుందా?"

"నిన్న."

"నిన్ననే ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నా మంచం ఇచ్చేస్తావుగా."

"చెప్పకపోయినా ఇచ్చేస్తున్నాను. మీ బాబాయి మూడింటికి బండి తెస్తానన్నాడు."

"వద్దమ్మా! నాన్న నాకోసం చేశాడు దాన్ని."

"సగం చేశాడు. కోసి బిగించాడు, అంతే. నున్నగా చెయ్యనేలేదు. ఒళ్లంతా పేళ్లే దానికి. ఈ నెలలో నీకిది నాలుగోది. లోపల చీము పడితే? జ్వరం వస్తే? నా వల్ల కాదు తల్లీ."

"అయితే గుచ్చుకోకుండా ఎలాగో నేర్పు. నేర్చుకుంటే ఉంచుతావా?"

"ఎన్నిసార్లు నేర్పలేదు?"

"ఉంచుతావా, ఉంచవా?"

"ముందు చెప్పు చూద్దాం. చెక్క మీద చెయ్యి పెట్టేముందు ఏం చూడాలి?"

"చెక్కలో గీతలు, అదే పోగు, ఎటు పోతోందో చూడాలి. పిల్లిని నిమిరినట్టు అటే నిమరాలి."

"ఎదురు నిమిరితే?"

"కరుస్తుంది."

"నాన్న షెడ్డులోకి చెప్పుల్లేకుండా వెళ్తావా?"

"వెళ్లను. బల్లల మీద జారను. చెయ్యి ఈడ్చుకుంటూ నడవను."

"గుచ్చుకుంటే?"

"నొక్కను, గోటితో కెలకను, వెంటనే నీకు చెబుతాను."

"మరి?"

"ఆ ఒక్కటే తప్పింది. మిగతావన్నీ రైటేగా!"

"నోటికొచ్చాయి, చేతికి రాలేదు. ఇన్ని తెలిసినదానివి ఇంత లోతుకి ఎలా దింపుకున్నావు?"

"ఊరికే."

"ఊరికే అంటే? ఇదిగో, ఉప్పు డబ్బా పని కూడా నీదేనా? మొన్న నిండా పోశాను, ఇవాళ అడుగు కనిపిస్తోంది."

"తిట్టవుగా?"

"తిట్టే ఓపిక లేదు. చెప్పు."

"నాన్న అన్నాడుగా, ఇంక ఉప్పు కాగితం పట్టేస్తే నీ మంచం అద్దంలా ఉంటుందీ అని. నా పాత నోటుబుక్కులో కాగితం చింపి, ఉప్పు పోసి రుద్దాను. చాలాసేపు రుద్దాను. కాగితం చిరిగిపోయి చెయ్యి తగిలింది."

"ఉప్పు పోసి..."

"నవ్వుతున్నావా?"

"లేదు."

"ఏడుస్తున్నావా?"

"అదీ లేదు. ఉప్పు కాగితంలో ఉప్పుండదే పిచ్చిమొద్దూ. గరుగ్గా ఇసకలాంటిది అంటించి ఉంటుంది. దుకాణంలో అమ్ముతారు."

"మరి ఉప్పని ఎందుకంటారు?"

"నాన్ననే అడగాల్సింది."

"ఇప్పుడెలా అడుగుతాం? నాన్న చనిపోయి రెండు నెలలైందిగా. అందుకే నేనే పట్టాను."

"ఊఁ. ఇదిగో, వచ్చేసింది పేడు. వెళ్లి సబ్బుతో కడుక్కో."

"కడుక్కున్నా. నొప్పే పుట్టలేదు! అమ్మా, దూది ఆట ఆడదామా?"

"అదేం ఆట?"

"నాన్న నేర్పాడు. చెక్క మీద దూది లాగితే పేడున్న చోట పట్టుకుంటుంది. ఈ కిటికీ... పట్టుకోలేదు. నా చెయ్యి... పట్టుకోలేదు. నీ చెయ్యివ్వు."

"నా చేతికేముంటుంది? గిన్నెలు తోముకోవాలి, వదులు."

"ఒక్కసారి! అమ్మా, పట్టుకుంది. ఇక్కడ. ఇక్కడ కూడా. ఇక్కడ కూడా!"

"చీపురు పుల్లలయ్యుంటాయి."

"కాదు, ఎర్రగా ఉన్నాయి. నా మంచం చెక్కలాగే. ఆరు, ఏడు... నువ్వూ మంచం నిమిరావా?"

"దుమ్ము తుడిచాను."

"చేత్తోనా?"

"గుడ్డ కనిపించలేదు."

"ఎన్నిసార్లు తుడిచావు?"

"నువ్వు బడికెళ్లాక. రోజూ."

"పోగుకి ఎదురుగానా?"

"చూసుకోలేదు."

"మరి నొప్పి పుట్టలేదా?"

"తెలియలేదే. ఈ మధ్య ఏదీ తెలియడం లేదు. మొన్న వేడి పెనం పట్టుకున్నా తెలియలేదు. తోలు కమిలాక చూసుకున్నాను."

"సూది ఇటివ్వు."

"నీకు రాదు."

"ఇందాకే చూశాగా. చెయ్యి వదులుగా పెట్టు. కదలకు. అటు చూడు."

"వదినా! బండి తెచ్చాను. మంచం ఎత్తేద్దామా?"

"బాబాయ్, ఆగు! అమ్మ చెయ్యి కదిలిపోతోంది!"

"ఇదేంటి వదినా, ఈ పిల్ల చేతికి సూదిచ్చావు?"

"అబ్బా!"

"నొప్పా అమ్మా?"

"నొప్పే. అమ్మో... నొప్పే తల్లీ, బాగా నొప్పిగా ఉంది."

"ఇంకా ఆరున్నాయి. ఆపేయనా?"

"ఆపకు. తియ్యి. అన్నీ తియ్యి."

"వదినా, ఏడుస్తున్నావా? నేను మంచం తీసుకెళ్లి మళ్లీ వస్తాలే, నువ్వు..."

"మంచం అక్కడే ఉండనీ. నువ్వు దుకాణానికెళ్లి నాలుగు ఉప్పు కాగితాలు పట్టుకురా. అలాగే ఒక ఉప్పు ప్యాకెట్టు కూడా. ఇంట్లో నిండుకుంది."