అలిగాడనుకున్నాం

మా బావ గురించా? ఏం చెప్పమంటావే, మొదలుపెడితే పొద్దు చాలదు. బావంటే మా అక్క మొగుడు, షాపులకి బోర్డులు రాసేవాడు. చెయ్యి ఎంత మంచిదో అలక అంత ఎక్కువ. ఓసారి షాపాయన, "అక్షరం కాస్త వంకరొచ్చినట్టుందండీ" అన్నాడట. అంతే, పేరు సగంలో వదిలేసి, బ్రష్షు కడుక్కుని ఇంటికొచ్చేశాడు. ఆ షాపు చాన్నాళ్లు సగం పేరుతోనే నడిచింది. అలిగితే గోడవైపు తిరిగి పడుకునేవాడు, అన్నం ముట్టేవాడు కాదు. నేను వెళ్లి, ఏం బావా, కొత్తల్లుడి ముచ్చట ఇంకా తీరలేదా అని నాలుగు మాటలంటే నవ్వాపుకోలేక లేచేవాడు.

అలాంటి మనిషికి రక్తంలో కేన్సరొచ్చింది. జుట్టూడింది, అయినా నాతో మాటకు మాట అంటూనే ఉన్నాడు. ఆసుపత్రివాళ్లు ఇంటికి పంపిస్తామన్నారు, తీరా బట్టలు సర్దుకున్నాక, రక్తకణాలు ఇంకా పెరగలేదు, ఉండాలన్నారు. ఇంకేముంది, గోడవైపు తిరిగాడు. కాళ్లు ముడుచుకుని, పళ్లెం తోసేసి. నేనెళ్లి ఏదో అనబోతే ఇంకా అటు జరిగాడు. డాక్టరు ఎలా ఉందంటే పలకడు. పక్కనుంచి అక్కే, "ఆయన అలిగారండీ, రేపటికి సర్దుకుంటారు" అంది. అందరం నవ్వాం, డాక్టరుతో సహా. పాపం డాక్టరు నొక్కి చూశాడులే. కడుపు మెత్తగానే ఉంది, ఒళ్లు కాలట్లేదు. కేన్సరుకిచ్చే ఆ మందులు జ్వరాన్నీ నొప్పినీ కప్పెట్టేస్తాయని తర్వాత తెలిసింది. మామూలు మనిషికి అపెండిక్స్ వాస్తే రక్తంలో తెల్లకణాలు పెరిగి పట్టిస్తాయట. ఆ మందులకే అన్నీ చచ్చిపోయాయి, ఈయనకి పెరగడానికి తెల్లకణాలెక్కడివి?

మర్నాటికి కడుపు ఉబ్బింది. స్కానింగు తీసేసరికి అపెండిక్స్ పగిలిపోయి ఉంది. రక్తం డాక్టరేమో కోస్తే రక్తం ఆగదంటాడు, ఆపరేషన్ డాక్టరేమో కొయ్యకపోతే మనిషే ఆగడంటాడు. చివరికి ప్లేట్‌లెట్లు ఎక్కిస్తూనే తీసుకెళ్లారు. స్ట్రెచర్ పక్కన నడుస్తూ, అలవాటుకొద్దీ, "ఇంక అలక మానెయ్ బావా" అన్నాను.

"అలగలేదురా. నవ్వితే కడుపులో పట్టేస్తోంది. అందుకే నీ మొహం చూడలేదు" అన్నాడు.

ఆపరేషన్ బాగానే జరిగింది, కానీ చీము అప్పటికే రక్తంలో కలిసిపోయింది. ఇంటికి రాలేదు. ముందే చూసుంటే బతికేవాడేమో, ఏమో, ఆ జబ్బుతో ఎవరు చెప్పగలరు. నా బాధ అది కాదే. ఆ మనిషిని అడగాల్సిన మాటకి మేమే జవాబు చెప్పేశాం. అక్కయితే ఆ తర్వాత ఇంట్లో ఎవరు మూతి ముడిచినా ఊరుకునేది కాదు. పిల్లల్ని పట్టుకుని, ఇక్కడ నొప్పా, ఇక్కడా అని కడుపంతా తడిమేది. వాళ్లు కితకితలకి నవ్వితేగానీ వదిలేది కాదు.

అదేంటే, అటు తిరిగావు? ఏమైందో నోటితో చెప్పు.