రేపట్నుంచి రషీదియా బస్సు లేదు

ఆ పెట్టె మూత ముయ్యొద్దు. నీకే చెప్తాండేది, లింబాద్రీ. నా మాట అయిపోయేదాకా మూత ముయ్యొద్దు.

హారన్ కొడతాండాడా? కొట్టనీ. కొత్త కంపెనీవాళ్ళు ఏసీ కారు పంపినారంట గదా నీకు. మనం ఈ రాస్ అల్ ఖైమా కొండలకు దేంట్లో వచ్చినాం, గుర్తుండాదా? టిప్పర్లో, కంకర మీద కూచోని. ఈపొద్దు నీకు కారు, ఆ కారుకు డ్రైవరు, ఆ డ్రైవరుకు టోపీ.

ఏంది అట్ల చూస్తాండావు, రూములో ఎవురూ లేరనా? ఎట్లుంటారు? నీ మొహం చూడకూడదని అందరూ మెస్సు ఎనకాల కూచున్నారు. వంటాయన నీ పళ్ళెం బోర్లించినాడు. నీళ్ళ ట్యాంకు మీద నీ పేరు ఇంతింత అక్షరాలతో రాసుంది గదా, తెల్లార్నుంచి ఇద్దరు పైకెక్కి గీకుతాండారు. మంచి పెయింటు, పోవడంలేదు. ఆ పెయింటు కూడా స్టోరు వాణ్ణి బతిమాలి తెచ్చిందే.

సనావుల్లా భాయ్ ఒక్కడన్నా వచ్చినాడు, సాగనంపుతాడు అనుకుంటివేమో. సాగనంపను. నేను తిట్టడానికే వచ్చినా.

అసలు నువ్వెవరప్పా? క్రషర్ కింద పార పట్టుకోని కంకర ఎగదోసేవాడివి. మీ నిజామాబాద్ జొన్నచేలల్లో పిట్టల్ని కొట్టిన చెయ్యి నీది. ఖాళీ డబ్బా పెట్టి కొట్టమంటే ఎంత దూరమైనా నీ రాయి తప్పేది కాదు. అది చూసి ముచ్చటపడినాం మేము. రాయి ఇసిరేది వేరు, బౌలింగ్ వేరు, మోచెయ్యి వంగకూడదు అంటే నీకు తలకెక్కలా. ఎట్ల నేర్చుకున్యావు? కంపెనీ వడ్రంగిని నేను, నా చెక్కబద్దను నీ మోచేతికి గుడ్డతో బిగించి కట్టలేదూ? సాయంత్రాలు పని ఇడిసినాక లారీ టైరు ముందర నిలబెట్టి, ఎయ్యి, మళ్ళా ఎయ్యి అని మొత్తుకోలేదూ? బద్ద ఇప్పేసిన రోజు నీ బంతి టైరు నడిమధ్యలోనుంచి దూరిపోతే క్యాంపు క్యాంపంతా ఈలలేసింది.

నువ్వు ఆడినావు, నిజమే. ఎవురు కాదన్నారు? కాదంటే నా నోరు పడిపోతాది. ఆ బ్యాంకోళ్ళ టీం, తెల్లబట్టలు, తెల్లబూట్లు, మనల్ని చూసి నవ్వుకుంటా దిగినారు. మనోళ్ళు లుంగీలు ఎగగట్టుకోని గీత బయట నిలబడినారు. నువ్వు పరిగెత్తుకుంటా వచ్చి మొదటి బంతికే ఆ పొడుగోడి వికెట్టు లేపేస్తివి. ఆ పొద్దు నాకు ఏడుపొచ్చిందిరా. ఎడారిలో రాళ్ళు కొట్టుకునేవాళ్ళం, మమ్మల్ని మనుషులని ఎవురన్నా అనుకున్న రోజు అదొక్కటే. దుబాయ్ రోడ్ల మీద బస్సులో వస్తా అరుస్తా ఉంటే గొంతు పోయింది నాకు. వారం దినాలు సైగలతో పనిచేసినా.

అందుకే నీ భుజం పాడుకాకూడదని నీ పార మేము పట్టినాం. అది ఎవురు చేస్తారు చెప్పు? ఏ కంపెనీలో చేస్తారు? వాళ్ళ కంకర వాళ్ళు ఎగదోసి, నీ వంతు కంకర గూడా ఎగదోసినారు. ఫోర్‌మన్ వస్తే నీ చేతికి చీపురిచ్చి నీడలో నిలబెట్టేవాళ్ళు. పోచన్న మీ పక్కూరాయనే గదా, నీకన్నా ఇరవయ్యేండ్లు పెద్ద. నడుం పట్టేసి రాత్రిపూట ఒక పక్కకు తిరిగి పడుకోలేడు. పార నాకియ్యి అంటే ఇచ్చేవాడు కాదు. "నా నడుంతోని ఏం పని భాయ్, వాని శెయ్యి మంచిగుండాలె" అనేవాడు. పోయి చూడు ఇప్పుడు. అందరూ నిన్ను తిడతాండారు, ఆయనొక్కడు తిట్టడంలేదు. గోడపక్కకు తిరిగి కూచున్నాడు. నా తిట్లకన్నా అది నీకు ఎక్కువ తగలల్ల.

తల ఎందుకు దించుకుంటావు? ఇంకా అయిపోలేదు నాది.

నా సంగతి నీకు తెలుసు. తెలిసీ పోతాండావు. నా పెండ్లాము హలీమాబీ దుబాయ్ రషీదియాలో అరబ్బోళ్ళ ఇంట్లో పనిచేస్తాది. రాయచోటిలో పిల్లోణ్ణి మా అత్త కాడ ఇడిసిపెట్టి నాకన్నా ముందే వచ్చింది ఇక్కడికి. ఒకే దేశం అని సంబరపడితిమి. ఒకే దేశమే. ఆమె ఆడ గోడల మధ్య, నేను ఈడ కొండల మధ్య. ఆ ఇంట్లో ఫోను ముట్టుకోనియ్యరు. శుక్రవారం రొట్టెలు తెచ్చే పనికి మాత్రం బయటికి ఇడుస్తారు. ఆ ఖుబూస్ అంగడి మన టీం ఆడే మైదానం పక్కనే ఉండేది నా అదృష్టం, అంతే.

మన క్రషర్ నడిపే ముదీర్ సాబుకు షార్జా ఆటలు చూసీ చూసీ క్రికెట్ పిచ్చి పట్టింది. టీం గెలుస్తా ఉంటే బస్సిస్తానన్నాడు. గెలుస్తా ఉంటేనే. నువ్వు గెలిపిస్తాంటివి, బస్సు పోతాండె, అంగడి గోడకాడ నేను నా పెండ్లాంతో నాలుగు మాటలు మాట్లాడుకుంటాంటి. ఆమె చేతిలో రొట్టెలు సల్లారేదాకా. ముందు పిల్లోని సంగతి చెప్పేది, తర్వాత నీ సంగతి అడిగేది. "మనోడు ఎన్ని కట్టెలు పడగొట్టినాడు?" అని. వికెట్టంటే దానికి కట్టె. నీ భుజానికని నల్లజీలకర్ర నూనె ఎవురు పంపినారు? నమాజులో కూచోని నీ చెయ్యి బాగుండాలని దువా ఎవురు చేసినారు? నువ్వు దాని మొహం దగ్గర్నుంచి చూసినోడివి కూడా కాదు.

ఆ టేపే మన కొంప తీసింది. నేను చేసిన పనే, దాచేదేముంది. ఊరికి ఉత్తరం బదులు క్యాసెట్టు పంపే అలవాటు మనకు. టేప్‌రికార్డర్ ముందర కూచోని మాట్లాడేది, ఏడ్చేది, పంపేది. హలీమాబీ ఆట చూడలేదు గదా అని, బ్యాంకోళ్ళ మీద ఆట మొత్తం నేను కామెంట్రీ చెప్పి క్యాసెట్టు నింపి ఇస్తి. లింబాద్రి వచ్చినాడు, ఎగిరినాడు, ఏసినాడు, కట్టె ఎగిరిపోయింది. పిచ్చోని మాదిరి అరిచినా అందులో. అది వంటింట్లో ఇనుకుంటాంటే వాళ్ళింటి డ్రైవరు అమీర్ జాన్ అడిగి తీసుకున్యాడు. టీ అంగట్లో పెట్టినాడు. డ్రైవర్లంతా గుంపుగూడి ఇన్నారంట. ఇప్పుడు నిన్ను తీసుకపోతాండే పెద్ద కంపెనీ టీం మేనేజరు ఆడనే చాయ్ తాగుతాడంట. ఎవడీ లింబాద్రి అన్నాడంట. ఇంగేముంది, ఖలాస్.

నవ్వొస్తాందా? నవ్వు. నా పెండ్లాం కోసం చెప్పిన కామెంట్రీ నిన్ను అమ్మిపెట్టింది. ఆ టేపు మీద నాకు ఎంత కోపముందో నీ మీద అంతకు రెండింతలుంది.

సరే, ఆ మేనేజరు అడిగినాడు. అడిగితే మాత్రం? ఈ దేశంలో వీసా ఇచ్చిన కఫీల్ ఒప్పుకోకుండా మనిషి కంపెనీ మారతాడా? పాస్‌పోర్టు వాళ్ళ బీరువాలో ఉండాది. నేను అడగలేదా? దుబాయ్‌లో వడ్రంగులకు పని ఉండాది సాబ్, నా ఇల్లాలు ఆడ ఉండాది, రిలీజ్ ఇయ్యండి అని చేతులు కట్టుకోని నిలబడితి. అగ్రిమెంటు సనావుల్లా, అగ్రిమెంటు, ఇష్టం లేకుంటే ఊరికి పో అన్యాడు ముదీరు. పేపర్లోనుంచి తల గూడా ఎత్తలా. నీకు మాత్రం రెండు రోజుల్లో రిలీజ్ వచ్చె. ఎందుకొచ్చిందో తెలుసునా? ఆ కంపెనీ పెద్ద రోడ్డు ఏస్తాండాది, కంకర అంతా మన కాడే కొంటామన్నారు. నిన్ను కంకరకు ఇచ్చేసినాడు ముదీరు. పిచ్చి అంతా కంకర ఆర్డరు వచ్చేదాకానే. బౌలర్ పోయినాడు గాబట్టి టీం లేదు, టీం లేదు గాబట్టి బస్సు లేదు. మధ్యాన్నం నోటీసు గూడా అంటించినాడు.

ముదీరు మీద కోప్పడు, నా మీదెందుకు అంటావా? ముదీరు మీద కోప్పడి ఈడ ఎవుడు బాగుపడినాడు? కోపం మనకు అందేవాళ్ళ మీదే చూపిచ్చుకుంటాం. అయినా వాళ్ళు నిన్ను తాళ్ళతో కట్టి తీసుకపోవడంలేదు గదా. పిలిచి అడిగినారు. జీతం రెండింతలు, పార పట్టే పని లేదు, ఉత్తుత్తిగ స్టోరులో కుర్చీ అన్నారు. నువ్వు తలూపినావు. ఒక్కసారి మా దిక్కు తిరిగి చూసినావా? భాయ్, ఏం చెయ్యల్ల అని అడిగినావా? అడిగింటే ఏం చెప్పేవాణ్ణో, అది వేరే సంగతి. అడగల్ల గదా.

ఏమంటివి? గట్టిగా అను.

"ఈ శెయ్యి ఇంకెన్నేండ్లు పనిజేస్తది భాయ్" అంటివా.

ఆ.

అది నిజమే. భుజం పోయిన మర్నాడు నీకు మళ్ళా పారే. మేమెన్నాళ్ళు నీ కంకర ఎగదోస్తాం, పోచన్న నడుం ఎన్నాళ్ళు ఆగుతాది. నిజమే, నాకు తెలీదా? తెలుసు గాబట్టే కడుపు మండుతాంది. తప్పు చేసినోణ్ణి తిడితే మనసు సల్లగయితాది. నిన్ను ఇంతసేపు తిట్టినా, నాకు ఏమీ సల్లగ కాలేదు.

వద్దు, ఆ చెయ్యి నా భుజం మీద ఎయ్యొద్దు. దూరంగా ఉండు.

కూచో ఒక నిమిషం. నీతో పనుండాది. తిట్టిన నోటితోనే అడగల్సి వచ్చింది, ఏం చేద్దాం.

రేపు మీ కొత్త టీం ఆట రషీదియాలోనే గదా. సాయంత్రం అసర్ బాంగు కాకముందు హలీమాబీ వస్తాది. ఖుబూస్ అంగడి గోడకాడ, నల్ల బురఖా, చేతిలో తెల్లగుడ్డ ఉంటాది రొట్టెలకు. నువ్వెవరో దానికి తెలుసు, దూరంనుంచి శానాసార్లు చూసింది. చెప్పి పంపిద్దామంటే అమీర్ జాన్ లీవు మీద పోయినాడు, ఇంకెవరున్నారు నాకు? ఆట మధ్యలోనే అయినా సరే, నువ్వే పోయి చెప్పు. బస్సు రాదు అమ్మా, నిలబడొద్దు, రొట్టెలు తీసుకోని పో అని. ఆలస్యమైతే ఇంటామె బయటికి ఇడిసేది గూడా మానేస్తాది. పై వారం గూడా రావద్దని చెప్పు. మళ్ళా ఎప్పుడు అని అడుగుతాది. భాయ్ ఏదో ఒకటి చేస్తాడంట అని చెప్పు. ఏం చేస్తాడో నీకు తెలీదు, నాకూ తెలీదు.

ఇంకొక మాట. జీతం ఎక్కువిస్తామంటే పోయినానని దానితో అనొద్దు. కంపెనీ పంపించింది అను. ముదీరు మార్చినాడు అను. నీ పరువు కాపాడల్లని నాకేం లేదు, నీ పరువు గంగలో కలవనీ.

ఆ మాట ఇంటే హలీమాబీ ఏమంటాదో నాకు తెలుసు. "మంచిపని చేసినావు నాయనా, మనమందరం వచ్చింది దానికే గదా" అంటాది. నూనె ఇంకో సీసా గూడా పంపుతాది. పాలు మరవని పిల్లోణ్ణి ఇడిసి ఇమానం ఎక్కిన మనిషది, అనక ఏమంటాది? అదే అట్లంటే, ఇంక నేను ఎవురిని తిట్టుకోని బతకల్ల?

పో. మూత ముయ్యి, పో.