ఓడినోడికి మజ్జిగ

“రాణీ! రాణీ! నీళ్ళు!”

అలాగే కదా అరిసావు ఆ రోజు? ఇంకా నా సెవుల్లోనే ఉంది, సాయీ. నువ్విలా మంచం మీద నోరు మెదపకుండా పడుకున్నా నాకదే వినపడతంది.

ఒద్దొద్దు, మాటాడకు! అన్నం గొట్టం లోపల సీలిక మానేదాకా మూడ్రోజులు మాటాడకూడదన్నాడు డాక్టరు. తల ఊపు, సాలు. లేదంటే ఇదిగో నీ ఫోను, ఇందులో కొట్టు. నర్సమ్మ ఐదు నిమిషాలే ఉండమంది. నీకో మాట సెప్పీసి పోతాను.

బయట మీ బావ త్రినాథరావు గారు ఏటి సేత్తన్నారో తెల్సా? బెంచీ మీద కూకుని కాగితం రాత్తన్నారు. పోలీసోళ్ళకంట! బజ్జీల బండి గంగాభవాని కారంలో ఏదో మందు కలిపి మా బామ్మర్దిని సంపబోయిందంట. మందా? మా పిన్నా? అమ్మ పోయాక నన్ను పెంచిన మడిసి. ఆ బండి లాగీసుకుంటే మేమెక్కడికెళ్ళాల, సెప్పు? అక్కడే నిలబడి విన్నాను. నానెవరో ఆయనకి తెలీదు. తిన్నగా నీ కాడికొచ్చీసాను.

పిన్ని ఆ రోజు బండి కాడ లేనే లేదు, సాయీ. సింహాచలం ఎళ్ళింది. పిండి కలిపింది నాను. మిరపకాయ నూరింది నాను.

ఆ కాయ ఎక్కడిదని ఓసారి అడిగావు కదా? అస్సాం లారీ డ్రైవరు ఒకడు సంచిడు ఇచ్చీసి పోయాడు. నాగా మిరపకాయ. ముడతలు ముడతలుగా, ఎర్రగా, సిటికిన ఏలంత. నానూ నాలిక్కి రాసుకుని సూసాను. ముందు పండు వాసనేత్తాది. అబ్బ, దీనికేనా ఇంత భయపడ్డాను అనుకుంటావు. పది లెక్కెట్టేలోగా సెవులు మూసుకుపోతాయి. కళ్ళమ్మట నీళ్ళు, ఎక్కిళ్ళు. అదంతా అయ్యాక ఒళ్ళు తేలిపోతాది, మబ్బు మీద కూకున్నట్టు. ప్రేమంటే ఇలాగే ఉంటాదేమో అనుకున్నాను... నవ్వకు! నవ్వితే నొప్పెడతాది.

పిన్నికి మాత్రం ఆ కాయ పడదు. “ఒలే గుంటా, కారమంటే ఇంకో ముద్ద కలుపుకోబుద్దేయాల. పళ్ళెం తోసీసి పరిగెత్తితే అదేం కారమే?” అనీది. కుర్రోళ్ళు పడి పడి వత్తంటే, సరేలెమ్మని ఒప్పుకుంది. ఒప్పుకుని బోర్డు రాయించింది. నీళ్ళడక్కుండా ఐదు బజ్జీలు తిన్నోడికి ఫొటో, ఓడినోడికి మజ్జిగ. ఓడినోణ్ణి ఒక్కరోజైనా ఎక్కిరించిందా? గ్లాసు సేతిలో ఎట్టి, “తాగు నాయినా” అనీది.

తొమ్మిది రోజులు వరసనే వచ్చావు. పోర్టులో డ్యూటీ దిగీసి, ఆ పసుపు హెల్మెట్టు సంకలో ఎట్టుకుని. రోజూ మూడో బజ్జీ కాడే ఓడిపోడం! అందరూ “సచ్చాన్రా బాబో” అని అరుత్తారు. నీ నేస్తం అప్పలసూరైతే వాళ్ళ అమ్మని పిలిసాడు. నువ్వొక్కడివే “రాణీ” అనీవోడివి. నా పేరు అంత గట్టిగా ఎవరు పిలిసారు సాయీ, ఇన్నేళ్ళలో? బళ్ళో హాజరు కూడా గొణుక్కుంటా పిలిసీవోరు.

మజ్జిగ తాగీవోడివి, రెండు నిమిషాల్లో సల్లబడీవోడివి, బండి తీసి తుర్రు. నీ బండి పొగ సూత్తా నిలబడీదాన్ని నాను.

పదో రోజు పిన్ని లేదు.

మూడోది కొరికావు. “రాణీ” అన్నావు. నీళ్ళిచ్చాను. ఆ మంటకి నీళ్ళు పోత్తే నోరంతా పాకుతాది గానీ తగ్గదు. తాగావు, మళ్ళీ ఎగదన్నింది. “రాణీ!” ఇంకో గ్లాసు. “రాణీ!” ఏడు గ్లాసులు. ఏడుసార్లు నా పేరు! నీ కళ్ళు నిప్పుల్లా నన్నే సూత్తన్నాయి. నా సెయ్యి కూడా పట్టుకున్నావు. ఎనక హారన్లు మోగుతుంటే కూడా నాకు వినపళ్ళేదు. పిచ్చిదాన్ని, నా కోసమే ఏడుత్తన్నావనుకున్నాను.

తర్వాత వాంతి. కడుపు నిండా నీళ్ళే కదా, ఆగితేనా? ఆఖర్న రగతం కక్కావు. ఓలమ్మో, ఆ ఎరుపు... ముందు కారమే అనుకున్నాను, సాయీ.

కారం కాదంట, ఆ వాంతుల ఊపుకే సీలిపోయిందంట. “ఇన్ని నీళ్ళు ఎవరమ్మా తాగించింది?” అన్నాడు డాక్టరు. నాను గోడకేసి సూసాను.

ఏటి కొడతన్నావు? ఇటియ్యి.

‘ఆ రోజు మజ్జిగ అయిపోయిందా?’

ఓరి దేవుడా. అయిపోయిందనే అనుకున్నావా? ఇప్పటిదాకా? నా మీద అనుమానమే రాలేదా నీకు?

తిట్టరాదా, సాయీ!

అవును, అయిపోయిందని తలూపీగల్ను. పిన్ని సెయ్యడం మర్సిపోయిందని సెప్పీగల్ను. నువ్వు నమ్మీత్తావు. మీ బావ ఆ ముక్క కూడా కాగితమ్మీద ఎక్కించుకుంటాడు. పిన్ని పోలీసోళ్ళ ముందు సేతులు కట్టుకుని నిలబడతాది, నా మీద ఒక్క మాట పడనివ్వదు.

సెయ్యి ఒదులు. ఒదులు, తలుపు తియ్యాల.

త్రినాథరావు గారూ! ఓపాలి ఇలా రండి. పెన్ను కూడా తెండి. నానే రాణిని, బజ్జీల బండి రాణిని. పిన్ని పేరు కొట్టీండి. పిన్ని ఎళ్తా ఎళ్తా క్యానుడు మజ్జిగ సిలికి, కరేపాకేసి, బండి కింద ఎట్టే ఎళ్ళింది. మూత నాను తియ్యలేదు. మజ్జిగిత్తే సల్లబడి ఎళ్ళిపోతాడని ఇవ్వలేదు.

మర్సిపోయి కాదండీ. కావాలనే.