వకాల్తా మీద సంతకం

హలో… ఆ, నేనే. వదినను. …మా బిడ్డ ఇందు ఫోన్ల నుంచి చేస్తున్న. నా నంబరు చూస్తె ఎత్తుతలేవు గద, గందుకు.

…పెట్టెయ్యకు మధుకర్! పెట్టేస్తె మల్ల చేస్త. ఎత్తకపోతె దిల్‌సుఖ్‌నగర్ల నీ ఆఫీసుకే ఒస్త.

…ఏం ముచ్చటంటవా? రేపే గదయ్యా హైకోర్టుల మన మగ్గాల షెడ్డు కేసు! పదిన్నరకు. ఇరవై మూడో నంబరు. రెండు దిక్కుల వాదన విని తేల్చేస్తమని జడ్జి పోయినసారే అన్నడంట. నువ్వే చెప్పినవ్ నాకు.

…పోవా? మరి ఎవ్వలు పోతరు? వకీలువు నువ్వు!

…ఆ, వకీళ్ల కోర్టు బహిష్కరణ. తెల్సు. నాకు చెప్తున్నవా? తెలంగాణ సమ్మె మొదలైనంక మగ్గం మీద నుంచి ఒక్క చీర దింపలే నేను. ఎల్బీనగర్ చౌరస్తల వంటావార్పుకు బియ్యం మోసింది నేను. పొయ్యి పెట్టింది నేను. షెడ్డుల ఆడోళ్లందర్ని తోల్కపోయింది నేను. నువ్వొచ్చినవ్, మైకుల మాట్లాడినవ్, తిన్నవ్, పోయినవ్. తెలంగాణ ఒద్దని నేనెప్పుడన్న అన్ననా?

…"షెడ్డుకేం గాదు వదినా." ఆ, గట్లనే అను. ఇగో, మన్సూరాబాద్ షెడ్డుల్నుంచే మాట్లాడుతున్న. పొద్దుగాల్నే జేసీబీ ఒచ్చి గేటు ముంగట నిలవడ్డది. డ్రైవరు బీడీ తాగుకుంట కూసున్నడు. కూలగొట్టొద్దని కోర్టు ఇచ్చిన స్టే రేపు ఎత్తేస్తె, మాపటికల్ల నేల మట్టం చేస్తమని నా మొకం మీదనే చెప్పిండు.

…ఆరు మగ్గాలయ్యా! ఆరింటి మీదా పడుగులు ఎక్కిచ్చి ఉన్నయి. సమ్మెతోటి సగం సగం నేసి ఆపినయి. ముడి ముడికి కట్లు కట్టి రంగులద్దిన నూలు. నడిమిట్ల తెంపి ఇంకో తాన బిగిస్తె పువ్వు పువ్వుకు కలుస్తదా? పోచంపల్లిల మగ్గం గుంతకాడ పెరిగినోనివి. నేను చెప్పాల్నా నీకు?

…ఏందీ? అవుతలి వకీలు గూడ మనోడేనా? ఆయనా పోడా? ఇద్దరు పోకుంటె వాయిదా పడతదా? …ఆ. ఐతారం నాడు గూడ గిదే చెప్పినవ్. నేను నమ్మిన.

వెంకటేశ్వర్లు వకీలును మార్చిండు మధుకర్! వాళ్ల తాత నోటిమాటతోటి మా మామకిచ్చిన జాగను ఇయ్యాల నాదంటున్నడు సూడు, ఆ వెంకటేశ్వర్లే. బహిష్కరణ లేని వకీలును పెట్టుకున్నడు. రేపు ఆయన నిలవడి మాట్లాడతడు. మన దిక్కు మాట్లాడేటోడు ఉండడు.

…తెల్సా? నీకు తెల్సా?! …వకీలు మారిన కాయితం నీకే ఒచ్చిందా? ఎప్పుడు? …శుక్రారమా! మరి ఐతారం నాడు నాకెందుకు చెప్పలే?

…ఉద్యమమన్నంక ఎవలో ఒకరు పోగొట్టుకోవాలె… ఓహో. ఆ ఎవలో ఒకరు నేనే కావాల్నా?

…సరే. నువ్వు పోకు. ఒక్క సంతకం పెట్టు, సాలు. మా గల్లీల గంగాధరరావు గారు లేడా, హైకోర్టు వకీలు? ఆయన పోతనన్నడు. "కంగారు పడకండమ్మా, తనకు అభ్యంతరం లేదని మధుకర్ గారు కొత్త వకాల్తా మీద సంతకం చేస్తే చాలు, పొద్దున్నే దాఖలు చేసి నేనే వాదిస్తాను" అన్నడు. పాత వకీలు సంతకం లేంది కొత్తాయన నిలవడరాదంట గద?

…అవును, ఆంధ్రాయనే. గుంటూరాయనే. అయితె?

…ఆంధ్ర వకీలుకు సంతకమియ్యవా? చెయ్యి ఒస్తలేదా? అరే, నీ అన్న పోయిన్నాడు పాడె మోసిన నలుగురిల ఆయన ఒకడు. అప్పుడు చెయ్యి అడ్డం పెట్టకపోతివి!

…ఏమన్నవ్? తెలంగాణ ద్రోహినా? నేనా? …మల్ల అను. …ఆగు. నువ్వు ఆగు, నేను చెప్త.

ఇందు నెట్ల ఒక కాయితం తీసింది. మన కేసు ఏమైందో సూద్దామని నీ పేరు కొట్టి ఎతికితె దొరికింది. హైకోర్టు ఆర్డరు. పోయిన బేస్తారం నాటిది, బహిష్కరణ నడిమిట్లనే. తుర్కయంజాల్ల వెంచరు చేసేటోళ్ల కేసు. పైనే రాసున్నది, వకీలు మధుకర్ గారి వాదన విన్నమని.





…అర్జెంటా? పది నిమిషాలేనా? ఎవ్వలు సూడలేదా? ఎవ్వలు సూడకుంటె ఏంది, జడ్జి రాసిపెట్టిండు గద! వెంచరోళ్ల కోసం నోరు లేస్తది. వదిన మగ్గాల కాడికొచ్చేసరికి బహిష్కరణ యాదికొస్తది. కంచే చేను మేసుడంటె గిదే. థూ!

…ఏడుస్తలేను. …ఆ, ఏడుస్తున్న. కోపంతోటి. నీ అసొంటోన్ని నమ్మి నాలుగు దినాలు నిమ్మలంగ పండుకున్న గద, నా మీద నాకే కోపం.

…రేపు కోర్టు గేటుకాడ వకీళ్ల దీక్షల కూసుంటవంట గద? కూసో. సంతకం రాకపోతె షెడ్డుల ఆరుగురు ఆడోళ్లం ఆ కాయితం పట్కోని టెంటుకే ఒస్తం. ఇందు చదువుతది. మైకు మీ కాడనే ఉంటది.

…అవును, బెదిరిస్తున్న. నీకు మంచిగ చెప్పినన్ని దినాలు చెప్పిన.

…పెడతవా? …ఇప్పుడేనా? …సరే. ఇందు స్కూటీ మీద బయలెల్తది. ఆఫీసుల్నే ఉండు. తాళమేసి పోయినవనుకో, మల్ల నేనే ఒస్త.

…ఆగు, ఇంకోటి. కండువ గూడ పంపు. తెలంగాణ పటం నేసిచ్చిన సూడు, గదే. ఇరవై దినాలు కట్లు కట్టిన దానికి. మీటింగుల నువ్వు ఎగరేసుకుంట తిరుగుతవ్ సూడు, గా కండువ.

…ఎందుకంటవా? రేపు కోర్టుకు నేను కప్పుకొని పోత. గంగాధరరావు గారు వాదిస్తుంటె ఆయన ఎన్కనే నిలవడత.

…టెంటుల అడిగితె ఏం చెప్పాల్నా? …ఉన్నదే చెప్పు. నేను పోలేదు, నా కండువ పోయిందని చెప్పు.

…పెడుతున్న.