లిడియా టీచరుగారి తివాచీ మీద పసుపు పాదం

శ్రావణమాసం రెండో శుక్రవారం, సాయంత్రం ఐదున్నర. ఏంటలా చూస్తావు విద్యా, నువ్వా బ్రష్షుతో తివాచీని బరబరా గీకుతుంటే ఆ వేళ గుర్తొచ్చింది నాకు, అందుకని చెబుతున్నా. ముందది కింద పెట్టు తల్లీ. టీ మరకేగా, ఎక్కడికీ పోదు. ఫోనులో ఆ అమ్మాయి సోడా చల్లమంటోందా? చల్లమంటుంది, ఆవిడ తివాచీ కాదుగా. ఇలా మంచం దగ్గరికి రా, నేను కిందకి కూచోలేను. మీ తాతగారి అమ్మగారు, సుందరవల్లమ్మగారని, నువ్వు చూళ్ళేదు. మీ నాన్నకే లీలగా గుర్తు. బాపట్లలో పుట్టి బాపట్లలోనే మెట్టారు, భావనారాయణస్వామివారి అమ్మవారి పేరే పెట్టారు ఆవిడకి. నేను తెనాలి నుంచి కాపురానికి వెళ్ళి ఆవిడ పోయేదాకా ఆ ఇంట్లోనే ఉన్నాను, ఒక్కనాడు గొంతు పెద్దది చెయ్యగా వినలేదు. కోపమొస్తే ఇంకా మెల్లగా మాట్లాడేవారు. అప్పుడు భయం వేసేది మాకు.

మా పెరటి గోడకి అవతల లిడియా టీచరుగారిల్లు. చిన్నపిల్లల బళ్ళో చెప్పేవారు. ఆవిడ భర్త జ్ఞానానందంగారు రైల్వేలో గార్డు. ఆయన డ్యూటీ మీద వెళ్ళినప్పుడు ఏలూరులో ముచ్చటపడి కొనుక్కొచ్చిన తివాచీ అది. అచ్చంగా ఊలు. చుట్టూ దానిమ్మగింజ రంగు అంచు, మధ్యన మీగడ రంగు. దాని మీద మొగుడూ పెళ్ళాం మోకరించి పొద్దున్నే ప్రార్థన చేసుకునేవాళ్ళు. ఆయనది మంచి గొంతు. గోడ మీంచి మా పెరట్లోకి వినిపించేది. మా అత్తగారు తులసమ్మకి నీళ్ళు పోసి గంట వాయించే వేళా అదే. ఇటు గంట, అటు పాట. ఎవరిది వారిదే అనుకో, అయినా ఒకదానికొకటి అలవాటు పడిపోయాయి. ఉప్పెన వచ్చిన ఏడు ఆయన పోయారు. ఉప్పెనలో కాదులే, జబ్బు చేసి. ఆ తర్వాత టీచరుగారు ఆదివారం చర్చికి వెళ్ళేవారు గానీ ఇంట్లో గొంతెత్తి ప్రార్థన చెయ్యగా మేం వినలేదు. తివాచీ చుట్టేసి బీరువా మీద పెట్టేశారు. గోడ అవతల నిశ్శబ్దం. మా అత్తగారు గంట వాయించి, అలవాటున ఒక్క క్షణం ఆగేవారు. మళ్ళీ తన పనిలో పడేవారు.

మరుసటేడు వరలక్ష్మీవ్రతం. మా తోడికోడలు రమణక్క ఉందే, దానికి ఏ పేరంటమైనా ఊరంతా చెప్పుకోవాలి. గోడ దగ్గరికి వెళ్ళి, "టీచరుగారూ, మీ తివాచీ ఒక్క పూటకి ఇస్తారా, ముత్తైదువులు చాప మీద కూచుంటే ఏం బావుంటుంది చెప్పండి" అని అడిగేసింది. అడిగాక నాలిక్కరుచుకుంది. టీచరుగారు మటుకు నవ్వి, "తీసుకెళ్ళండమ్మా, బీరువా మీద బూజు పట్టే కన్నా నలుగురు కూచుంటే నయం కదా. మధ్యలో పలచబడింది, అక్కడ మాత్రం ఎవరినీ తొక్కనివ్వకండి" అన్నారు. ఇచ్చి, రేపల్లెలో కూతురు నీళ్ళాడితే బిడ్డని చూడ్డానికి రైలెక్కారు. శనివారం సాయంత్రానికి వచ్చేస్తానన్నారు, ఆదివారం చర్చి ఉందిగా.

ఇహ ఐదున్నరకి ఏమయిందంటే, ముత్తైదువులందరూ తివాచీ మీద వరసగా కూచున్నారు, కాళ్ళు గచ్చు మీదకి చాపించి రమణక్క పసుపు రాస్తోంది. చిక్కగా, గంధంలా కలిపింది. ఇంతలో టపటపా వాన. చెరుకుపల్లి నుంచి వచ్చిన రమణక్క పిన్ని, "అయ్యో, నా చీర దండెం మీదుందే!" అంటూ లేచి అడ్డంగా పరిగెత్తింది. చూస్తే ఏముంది, మీగడ రంగు మీద, సరిగ్గా ఆ పలచబడ్డచోట, ఐదు వేళ్ళతో సహా పాదం. అందరూ నవ్వులు. "లక్ష్మీదేవే నడిచొచ్చిందే రమణా, తుడవకు!" అని ఒకావిడ. రమణక్కకి నవ్వు రాలేదు. పేరంటం అవగానే బట్టలసబ్బు తెచ్చి ఆ పాదం మీద ఒక్కసారి రుద్దింది. రుద్దగానే పసుపు కాస్తా ఎర్రగా, పారాణిలా తిరిగిపోయింది. కూలబడి ఏడుపు లంకించుకుంది పాపం. "ఇప్పుడావిడకి ఏం మొహం చూపించను చెల్లీ?"

మా అత్తగారు అప్పటికే మామగారు లేనివారు కదా, పేరంటంలోకి రాలేదు, వంటింట్లోనే ఉన్నారు. ఏడుపు విని వచ్చారు. వచ్చి, మరక వంక చూళ్ళేదే! పాదం పక్కన, పలచబడ్డచోట అరచేయి పెట్టి నిమిరారు. రెండు గుంటలు, పక్కపక్కన. ఒకటి కొంచెం లోతు. అరచేయి సరిగ్గా పడుతుంది అందులో. "పెద్దమ్మాయ్, ఇది అరిగింది కాదే. ఇవి జ్ఞానానందంగారి మోకాళ్ళు. ఆయన కుడికాలు కుంటేవారు, గుర్తుందా? బరువంతా ఎడమ మోకాలి మీద వేసేవారు. అందుకే ఇది లోతు" అన్నారు. రోజూ ఆయన్ని మేమూ చూసేవాళ్ళమే! రెండు గుంటలూ మేమూ చూశాం! తర్వాత ఇంకా మెల్లగా అన్నారు. "మీ మామగారు హాల్లో గోడకి తల ఆనించుకునేచోట నూనె మరక ఉండేది. నా కొడుకులు సున్నం వేయించి శుభ్రం చేశారు." అంతే. ఆ సంగతి అంతకుముందు ఆవిడ అననూ లేదు, తర్వాత అననూ లేదు.

పసుపూ సున్నం కలిపితే పారాణి అవుతుందిగా, సబ్బూ దానికి సున్నం లాంటిదే. పులుపు తగిలితే దిగుతుందని నిమ్మకాయ పిండిన నీళ్ళలో దూది ముంచి అద్దారు. రుద్దడం లేదు, ఊరికే అద్దడం. అద్దినకొద్దీ ఎరుపు వెనక్కి పసుపైపోతోంది తల్లీ, మా కళ్ళముందే! తర్వాత కుంకుడురసం, పట్టుచీరకి వాడినట్టు పలచగా, మళ్ళీ మంచినీళ్ళు. నీళ్ళు అంచు దాకా పోనివ్వలేదు, పోతే ఆ ఎర్రరంగు మధ్యలోకి దిగుతుంది. గుంటల దగ్గరికొచ్చేసరికి ఊపిరి బిగపట్టేవారు. ఇంత చేసినా పాదం పాదంలాగే ఉంది, పచ్చగా. "దీన్ని తీసేవాడు వేరే ఉన్నాడు, రేపు రావాలి ఆయన" అన్నారు. ఎవరు అత్తయ్యా అంటే పైకి చూపించారు. పసుపు ఎండకి నిలవదు, అదీ ఆవిడ ధైర్యం. శ్రావణమాసంలో ఎండ!

తెల్లవారి చూస్తే ఆకాశమంతా మబ్బు. అయినా తివాచీ పెరట్లో మంచం మీద పరిపించారు. ఉత్త ఎండలో పెడితే పసుపుతో పాటు మిగతా రంగులూ వెలిసిపోతాయి కదా, దానికేం చేశారో తెలుసా? వ్రతం భోజనాలకి కుట్టించిన విస్తళ్ళు మిగిలాయి. ఒక విస్తట్లో పాదం మేర రంధ్రం కత్తిరించి, ఆ రంధ్రం సరిగ్గా మరక మీదకొచ్చేలా పెట్టి, మిగతా తివాచీ అంతా విస్తళ్ళు కప్పించారు, గాలికి లేవకుండా మామిడిటెంకలంత గులకరాళ్ళు పెట్టించి. పక్కింటి మేడ మీంచి ఒకావిడ, "ఏంటే సుందరవల్లీ, తివాచీకి భోజనం వడ్డిస్తున్నావా? మడిబట్టతో ఉండి టీచరమ్మ ఇంటి వస్తువు ముట్టుకున్నావేంటే?" అని దెప్పింది. ఈవిడ తలెత్తలేదు. "ఊలుకి మైల లేదే, మాటకుంటుంది గానీ" అన్నారు. ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

మంచినీళ్ళు ముట్టకుండా నిలబడ్డారు తల్లీ మా అత్తగారు. చినుకు పడితే నేనూ రమణక్కా మంచంతో సహా వసారాలోకి, తెరిపిస్తే మళ్ళీ పెరట్లోకి. రమణక్క, "ఇహ లాభం లేదత్తయ్యా, కాళ్ళ మీద పడతాను ఆవిడకి" అంది. మధ్యాహ్నం దాటింది. అత్తగారు తూర్పుకి కాదు, సూర్యుడు మబ్బులో ఎక్కడున్నాడో అటు తిరిగి చేతులు జోడించారు. నేను పక్కనే ఉన్నాను కనక విన్నాను. "నాకోసం కాదు నాయనా. ఆయనవి ఇవే మిగిలాయి ఆ పిల్లకి." నేను కల్పించి చెప్పటంలేదు, మబ్బు విడిపోయింది. విస్తట్లో రంధ్రంలోంచి ఎండ పాదం ఆకారంలో పడింది. ఎండతో పాటు గోడనీడ జరుగుతుంటే మేం మంచం జరుపుతూ ఉన్నాం. మడమ పోయింది ముందు. తర్వాత మధ్య. వేళ్ళు ఎంతకీ పోలేదు, చిటికెనవేలు మరీ మొండి. ఎండ వాలేలోగా అదీ పోయింది. ఆవిడ విస్తరాకు ఎత్తి, చేత్తో నిమిరి, గుంటలు ఉన్నాయో లేదో చూసుకుని, అప్పుడు కుండలోంచి నీళ్ళు ముంచుకుని తాగారు. నాకప్పుడు ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది. ఎందుకో సిగ్గేసి పెట్టలేదు.

చీకటి పడుతుండగా టీచరుగారు తెనాలిలో రైలు మారి వచ్చారు. తివాచీ రమణక్క చేతికివ్వలేదు అత్తగారు, తనే మోసుకెళ్ళారు. మేం వెనకాల. దాస్తారేమో అనుకున్నాం. లేదు. "అమ్మా లిడియా, దీని మీద పసుపు కాలు పడింది. మరక తీశాను. ఆయన మోకాళ్ళు కదల్లేదు, చూసుకో" అన్నారు. టీచరుగారు తివాచీ అందుకున్నారు. "మోకాళ్ళని మీకెవరు చెప్పారండీ? నేనెవరికీ చెప్పలేదు" అన్నారు. అని తివాచీ పరిచి, ఒంగి, గుంటలో చెయ్యి పెట్టి అలా ఉండిపోయారు. మేం వచ్చేశాం.

మర్నాడు పొద్దున్న యథాప్రకారం తులసికోట దగ్గర అందరం చేరాం. ఆవిడ నీళ్ళు పోసి, కర్పూరం వెలిగించి, గంట చేతిలోకి తీసుకున్నారు. అదే వేళకి గోడ అవతల్నుంచి టీచరుగారి గొంతు. వణుకుతోంది, సన్నగా ఉంది, కానీ పైకే పాడుతున్నారు. రమణక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మా అత్తగారు ఎత్తిన గంట నాలికని రెండో చేతి వేళ్ళ మధ్య పట్టేసుకుని, కళ్ళు మూసుకుని నిలబడ్డారు. కర్పూరం కొండెక్కింది. అవతల "ఆమెన్" అన్నాక, ఇంకో కర్పూరం బిళ్ళ వెలిగించి, అప్పుడు వాయించారు గంట.