‘పాపం’ అన్నవాళ్ళు అడగాల్సిన ప్రశ్న

అధ్యక్ష స్థానంలో నిండుగా కూర్చున్న కలప అడితీ బాబుగారికి, ముందు వరసలోని పెద్దలకి, కుర్చీలు చాలక గోడకానుకుని నిలబడ్డ నా పిల్లలకి, పిల్లలంటే నా కడుపున పుట్టినవాళ్ళు కాదు లెండి, నా చేతికింద ఉలి పట్టినవాళ్ళు, ఇంకా ఆ తలుపుతో కుస్తీ పట్టి గెలిచి లోపలికొచ్చిన మిత్రులందరికీ నమస్కారం. (నవ్వులు)

నవ్వకండి, మీరూ తోశారు. ఈ హాలుకి కొత్తగా వచ్చినవాళ్ళు ఎవరైనా ముందు ఆ తలుపుని చేత్తో తోస్తారు, రాదు, భుజంతో తోస్తారు, రాదు, లోపల ఎవరో గడియ పెట్టారని కేకలేస్తారు, చివరికి కళ్ళెదురుగా ‘లాగండి’ అని రాసి ఉండటం చూసి, ఎవరూ గమనించలేదు కదా అని అటూ ఇటూ చూసుకుని, లాగి లోపలికొస్తారు. నేను కిటికీలోంచి గమనిస్తూనే ఉన్నానండీ. అధ్యక్షులవారైతే రెండు భుజాలూ వాడారు. (నవ్వులు)

అది మన వడ్రంగి బడిలో మొదటి జట్టు ఆడవాళ్ళు చేసిన మొదటి తలుపు. కంగారులో మడత బందులు అటువైపు బిగించాల్సింది ఇటువైపు బిగించేశారు, లోపలికి తెరుచుకోవాల్సిన తలుపు బయటికి తెరుచుకుంది. ఊరంతా వచ్చి చూసి నవ్విపోయింది. విప్పి మళ్ళీ బిగిద్దామంటే పెద్దమ్మ ఒప్పుకోలేదు. “ఉండనీండే. లోపలికి రావాలంటే మనిషి ఒకడుగు వెనక్కి తగ్గాలి, బయటికి వెళ్ళాలంటే ఒక్క తోపు చాలు. మన బడికి ఇంతకంటే మంచి తలుపేముంది?” అంది. తప్పుని కూడా చిత్రిక పట్టి నున్నగా చేసేసే నోరు ఆవిడది.

పెద్దమ్మ అంటే నాకు చుట్టం కాదు. అదిగో, ఆ పటంలో చెవిమీద పెన్సిలు పెట్టుకుని నవ్వుతోందే, ఈ బడి పెట్టిన మనిషి, ఇందులో చేరిన ప్రతి ఆడదానికీ పెద్దమ్మే. వడ్రంగి కూతురు. తండ్రికి చూపు మందగిస్తే ఆయన రంపం తను అందుకుంది. ఆడది చేసిన కిటికీలోంచి గాలి కూడా రాదన్నారు, చిత్రికమ్మ అని పేరు పెట్టి వెక్కిరించారు. ఆవిడ ఆ పేరునే పలక మీద చెక్కి ఇంటిముందు తగిలించుకుంది. మొగుడు వదిలేసినవాళ్ళనీ, మొగుడు పోయినవాళ్ళనీ, మొగుణ్ణి తామే వదిలేసినవాళ్ళనీ పిలిచి పని నేర్పింది. అంతవరకూ అలాంటి ఆడవాళ్ళకి ఊరు ఇచ్చిందల్లా వంటింట్లో ఒక మూల, దానితోపాటు ఒక మాట. ‘పాపం.’

ఆ మాట పెద్దమ్మకి పడేది కాదు. “ఆ మాటకి రెండర్థాలున్నాయి. చేసినదానికీ అదే, పడినదానికీ అదే. రెండూ నా గుమ్మంలోకి రాకూడదు” అనేది. బడిలో ఎవరైనా నోరుజారి ఎవర్నయినా ‘పాపం’ అన్నారో, చేతిలో పని ఆపి, లేచి నిలబడి, ఆ మనిషి కళ్ళలోకి చూసి “నీకేం వచ్చు?” అని అడగాలి. అడిగి, జవాబు పూర్తయ్యేదాకా కదలకుండా వినాలి. అదే శిక్ష.

నన్ను ఇక్కడికి తీసుకొచ్చింది ఇదిగో, ముందు వరసలో కూర్చున్న మా అన్నయ్య. దాక్కోకు అన్నయ్యా. (నవ్వులు) తలుపు తోసి తోసి చెమటలు పట్టి లోపలికొచ్చి, “పాపం, మా చెల్లెలండీ, వాళ్ళాయన చెప్పాపెట్టకుండా పోయాడండీ” అన్నాడు. లోపల సుత్తుల చప్పుడు ఠక్కున ఆగిపోయింది. అందరూ మావైపే చూస్తున్నారు. పెద్దమ్మ మా అన్నయ్యకి శిక్ష వివరించింది. పుట్టినప్పటినుంచీ ఒకే ఇంట్లో పెరిగాం, మా అన్నయ్యకి నేనంటే ప్రాణం, అయినా అప్పటిదాకా నన్ను ఎప్పుడూ అడగని మాట అది. నిలబడి, గొంతు సవరించుకుని, “నీకేం వచ్చే?” అన్నాడు. నేను వెక్కుతూ, “ఏడవడం వచ్చు” అన్నాను.

పెద్దమ్మ నవ్వలేదు. “బాగా వచ్చా? అయితే సగం పని వచ్చినట్టే. రంపపు పొట్టు కళ్ళలో పడితే కళ్ళు కడిగేది అదే. మిగతా సగం రేపట్నుంచి నేర్పుతాను” అంది. (కళ్ళు తుడుచుకుని) మంచినీళ్ళు అక్కర్లేదమ్మా, బాగానే ఉన్నాను.

పెద్దమ్మ మాత్రం నోరుజారలేదా అంటే, జారింది. బడి పిల్లి వార్నిష్ డబ్బాలో పడింది. పైకి తీసి “అయ్యో పాపం!” అనేసింది. మేం వదులుతామా? పనిముట్లు కింద పెట్టి చుట్టూ చేరాం. ఆవిడ చెంగు సర్దుకుని, నిటారుగా నిలబడి, వార్నిష్ ఓడుతున్న పిల్లిని ఎదురుగా పట్టుకుని, పెళ్ళిచూపుల్లో అడిగినంత మర్యాదగా “నీకేం వచ్చమ్మా?” అంది. అది చేతుల్లోంచి దూకి, అప్పుడే మెరుగుపెట్టిన బల్లమీద ఈ చివరినుంచి ఆ చివరికి నడిచి, కిటికీలోంచి పోయింది. “చూశారా, దానికి సంతకం చెయ్యడం వచ్చు” అంది పెద్దమ్మ. అధ్యక్షులవారూ, మీ ముందున్న బల్లమీద గుడ్డ ఒకసారి ఎత్తి చూడండి. (అధ్యక్షులు గుడ్డ ఎత్తి చూశారు. హాలంతా నవ్వులు) కనబడ్డాయా పాదాలు?

అసలు సంగతికొస్తాను. మీ పక్కన గోడకి ఇంకో గుడ్డ కప్పిన పలక ఉంది. నా మాటలయ్యాక దాన్ని తెరుస్తారట. ‘దిక్కులేని స్త్రీల శరణాలయం.’ నిన్న రంగు ఆరబెడుతుంటే చదివాను. ఇన్నాళ్ళూ మన గుమ్మం మీదున్నది ‘ఇచ్చట తలుపులు, కిటికీలు చేయబడును, నేర్పబడును’ అన్న పలక. కొత్తదానికి దాతల మనసు కరుగుతుందని బాబుగారి ఆలోచన. ఆయన మనసు మంచిది. ఆయన అడితీ నుంచి చెక్క రాకపోతే మేం గాలిని చెక్కుకోవాలి, ఆ సంగతి మర్చిపోను. కానీ కందకు లేని దురద కత్తిపీటకెందుకు బాబుగారూ? రేపు ఒక పిల్ల ఒకడుగు వెనక్కి వేసి, ఆ తలుపు తన చేత్తో లాగి లోపలికొస్తుంది. తల ఎత్తి చూస్తే తనకి దిక్కులేదని రాసి ఉంటుంది. ఇంక ఆ పిల్ల చేతికి నా పిల్లలు ఉలి ఎలా ఇస్తారు? నాకు కోపం వచ్చింది, నిన్నంతా అన్నం సయించలేదు. ఇవాళ నాకు వీడ్కోలు సన్మానం కదా అని నవ్వుతూ చెబుతున్నాను గానీ, అడిగేది నవ్వులాట కాదు.

పైగా మీరు ఇందాక నా గురించి చెబుతూ, “పాపం, ఈవిడ ఎన్ని కష్టాలు పడ్డారో” అన్నారు. (వెనకనుంచి ‘అన్నారు, అన్నారు’ అని కేకలు) అధ్యక్షులకి వేరే చట్టం లేదండీ. పిల్లికి లేని మినహాయింపు మీకెక్కడిది?

(అధ్యక్షులు లేచి నిలబడ్డారు. “మీకేం వచ్చమ్మా?” అని అడిగారు. చప్పట్లు)

కూర్చోకండి, వినాలి. నాకు తలుపు చెయ్యడం వచ్చు, చెక్క చప్పుడు విని లోపల పుచ్చు చెప్పడం వచ్చు, ‘నా చేత కాదు’ అన్న పిల్లచేత కుర్చీ చేయించి అందులో ఆ పిల్లనే కూర్చోబెట్టడం వచ్చు. అన్నయ్యా, ఏడవడం ఇప్పటికీ వచ్చు, చూస్తున్నావుగా. ఇంకోటి కూడా వచ్చు బాబుగారూ. అది మేలైన టేకు పలక, పారెయ్యడానికి చేతులు రావు. మీరు ఊఁ అంటే గుడ్డ తియ్యకుండానే పనిశాలకి పట్టుకెళ్ళి చిత్రిక పట్టేస్తాం. అక్షరాలన్నీ పొట్టుగా రాలిపోతాయి, చెక్కకి ఏమీ కాదు.

(అధ్యక్షులు: “పట్టండమ్మా. మొదటి తోపు నేనే తోస్తాను, నేర్పిస్తే.” చాలాసేపు చప్పట్లు)

విన్నావా పెద్దమ్మా? కొత్త విద్యార్థి దొరికాడు. భుజాలు గట్టివే, ఆ తలుపు దగ్గర చూశాం. (నవ్వులు)

ఓపిగ్గా విన్న మీకందరికీ, టీ కాచిన పిల్లలకి, తడిసిన ముఖంతో ఉన్న చెల్లెల్ని ఆ రోజు చెయ్యి పట్టుకుని ఇక్కడికి తెచ్చిన మా అన్నయ్యకి కృతజ్ఞతలు. నేను ఈ తలుపు లాగి లోపలికొచ్చాను. ఇన్నేళ్ళూ వచ్చినవాళ్ళని నవ్వుతూ చూడటమే గానీ, పని విరమించి వెళ్ళిపోవడానికి దాన్ని తొయ్యడం నాకిదే మొదలు. పెద్దమ్మ చెప్పింది నిజమైతే, ఒక్క తోపు చాలు.

సెలవు.